రాజధానిలో పల్లె భాష

రాజధాని చరిత్రను కోటలలోను, భవనాలలోను మాత్రమే వెదకితే దానిని పోషించిన పల్లెలు కనిపించవు. కాబట్టి మేము హైదరాబాదును బెజ్జంకి వంటి గ్రామం వైపునుండి పరిశీలించదలిచాము. 2016లో సిద్దిపేట జిల్లాలో చేరిన బెజ్జంకి అంతకుముందు కరీంనగర్ జిల్లాలోనిది. 1948 వరకు నిజాం రాజ్యంలోనిది.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా స్థాపించిన హైదరాబాదు 18వ శతాబ్దంలో అసఫ్‌జాహీల రాజధాని అయింది. ఆ రాజ్యంలో అందరికంటే ఎక్కువమంది మాట్లాడిన భాష తెలుగు. అయినా పాలనా భాష మొదట పారశీకం, 1880వ దశకం నుండి ఉర్దూ. శిస్తు కట్టే రైతు కచేరీ కాగితం చదివించుకోవడానికి మరొకరిని ఆశ్రయించవలసి వచ్చేది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమని నిరూపించింది. ఆ భాష కూడా ఉర్దూయే.

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసింది. 1921లో అదే నగరంలో జరిగిన సంస్కరణ సభలో తెలుగులో ప్రసంగించబోయిన వక్తను సభికులు గేలిచేశారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1926లో గోలకొండ పత్రిక ప్రారంభమైంది. దాని సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన 1930లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అది జరిగిన చోటు రాజధాని కాదు, అప్పటి మెదకు జిల్లాలోని జోగిపేట.

ఇందులో ఉర్దూను నిందించవలసినది ఏమీ లేదు. అదీ ప్రజలు ప్రేమించిన భాషే. ఒక భాషకు పీట వేసి మరొక భాషకు తలుపు మూయడమే దోషం. బోధించేవారు, పాలించేవారు ఎవరైనా, వినేవాని భాషను గౌరవించకపోతే వానికి దూరమవుతారని ఈ చరిత్ర మనకు తెలుపుతున్నది.