చక్కెర బురుజులు

పోయిన మార్చిలో మా పాప ఆరో పుట్టినరోజుకి కోట కేక్ కావాలని పట్టుబట్టింది. అప్పుడు మేం నవీపేటలో, మా అమ్మ వాళ్ళింట్లో ఉన్నాం. గుండ్రటి కేక్ మీద బొమ్మ అచ్చు వేసిస్తారు గానీ నాలుగు బురుజులతో నిలబడే కోట దొరకడం కష్టమే. సరే, నేనే చేద్దామనుకున్నాను.

ఇంట్లో అవెన్ లేదు. కుక్కర్ గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున రెండు దోసిళ్ళ ఉప్పు పోసి, మూత పెట్టి మూడు గుండ్రటి కేకులు ఒకదాని తర్వాత ఒకటి చేశాను. రెంటిని చతురస్రంగా కోసి ఒకదాని మీద ఒకటి పేర్చాను. మూడోదాన్ని చిన్నగా కోసి మధ్యలో మేడలా నిలబెట్టాను. నాలుగు మూలలా జామ్ రోల్స్ నిలబెట్టి, వాటి మీద ఐస్‌క్రీం కోన్లు బోర్లిస్తే బురుజులయ్యాయి. వెన్నలో చక్కెర పొడి కలిపి గోడలకి పూశాను. రంగు కోసం ఒక గిన్నెలో చిటికెడు పసుపు, ఇంకో గిన్నెలో బీట్‌రూట్ నీళ్ళు. వేఫర్ బిస్కెట్లతో తలుపు. లెక్క చూసుకుంటే ఒక్క కోటకి కిలోకి పైగా చక్కెర పట్టింది.

మా అమ్మమ్మ అరుగు మీద నుంచి అంతా చూస్తోంది. ఎనభై అయిదేళ్ళు ఉంటాయి. నలభై ఏళ్ళు బీడీలు చుట్టిన వేళ్ళు, ఇప్పుడు ఊరికే ఒళ్ళో కదులుతుంటాయి.

"ఏం కడ్తున్నవ్ బిడ్డా?"

"కోట అమ్మమ్మా. రాకుమారి ఉండే కోట."

కాసేపు చూసింది. "గిది గడీ గద. గడీల దొర్సాని ఉంటది. మనం దర్వాజ బయట ఉంటం" అంది.

నా చేతిలో కోను ఆగిపోయింది. సాహిత్యంలో జ్ఞాపకం, చరిత్ర అంటూ అయిదేళ్ళు పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్నదాన్ని. నా కూతురికి తియ్యటి కలగా ఇస్తున్న ఆ ఆకారం మా అమ్మమ్మకి ఏమిటో ఒక్కసారైనా ఆలోచించలేదు.

* * *

చక్కెరతో కోటలు కట్టడం పిల్లల కోసం మొదలైన పని కాదు. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో రాజుల విందుల్లో వంటకానికీ వంటకానికీ మధ్య చక్కెర, బాదం ముద్దలతో చేసిన కోటలు, ఓడలు, జంతువుల బొమ్మలు తెచ్చి చూపించేవాళ్ళు. వాటిని 'సటిల్టీ'లు అనేవాళ్ళు. 1429లో ఆరో హెన్రీ పట్టాభిషేకపు విందులోనూ అవి ఉన్నాయి. చక్కెర అప్పుడు మసాలా దినుసంత ఖరీదు. దాన్ని తినకుండా బొమ్మ చేసి చూపించడమంటే అధికారాన్ని చూపించడమే. మానవ శాస్త్రవేత్త సిడ్నీ మింట్జ్ 1985లో వచ్చిన తన 'స్వీట్‌నెస్ అండ్ పవర్'లో చక్కెర రాజుల బల్ల మీది నుంచి కూలివాడి టీ కప్పులోకి ఎలా దిగివచ్చిందో చెప్పుకొచ్చాడు. ఆ దిగిరావడం వెనక కరీబియన్ తోటల బానిసత్వం ఉంది.

పారిస్‌లో ఆంటోనిన్ కరేమ్ (1784-1833) అనే మిఠాయి పనివాడు పేదింట్లో పుట్టాడు. చిన్నతనంలోనే పనిలో పడ్డాడు. గ్రంథాలయంలో కూర్చుని భవన నిర్మాణం బొమ్మలు చూసి, కోటలూ గోపురాలూ చక్కెరతో కట్టి, 1815లో వాటి నమూనాలతో పుస్తకం వేశాడు. వంట చరిత్రలో అతను మహానుభావుడు. ఇళ్ళలో అదే పని చేసిన ఆడవాళ్ళకి మాత్రం చరిత్ర లేదు, పుట్టినరోజు ఫోటోల్లో చోటు కూడా లేదు. కేక్ వెనకాల నిలబడ్డ అమ్మ మొహం సగం కత్తిరించుకుపోయి ఉంటుంది. మన ఆల్బమ్‌లు తీసి చూడండి.

ఇంటి కేక్‌కి దారి వేసిన బేకింగ్ పౌడర్ కూడా ఒక స్త్రీ ఒంటి బాధ నుంచే పుట్టింది. 1843లో ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల దుకాణదారు, ఈస్ట్ పడని భార్య కోసం దాన్ని తయారుచేశాడు. ఆయన పేరు మిగిలింది. ఆవిడ 'భార్య'గా మిగిలింది. కోటగోడలకి పూసే 'రాయల్ ఐసింగ్' పేరు 1840లో విక్టోరియా రాణి పెళ్ళి కేక్‌తో ప్రచారంలోకి వచ్చింది. ఇక మా పాప అడిగిన సూది మొనల బురుజుల కోట 1955లో డిస్నీలాండ్‌లో కట్టింది. దానికి నమూనా బవేరియా రాజు రెండో లుడ్విగ్ కట్టించిన నోయ్‌ష్వాన్‌స్టైన్. అదీ యుద్ధం కోసం కట్టిన కోట కాదు, ఒక రాజు మధ్యయుగం గురించి కన్న కల. రాజు కల, సినిమా కంపెనీ బొమ్మ, నవీపేటలో ఆరేళ్ళ పిల్ల కోరిక. ఎంత దూరం నడిచి వచ్చింది!

ఈ నడకలో మన వాళ్ళూ ఉన్నారు. బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకి కూలీలు కావలసివచ్చారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ నటాల్‌కి మొదటి ఒప్పంద కూలీలను దించింది. ఆ తర్వాత ఓడలకి ఓడలుగా తెలుగువాళ్ళు, తమిళులు వెళ్ళారు. ఆడవాళ్ళూ వెళ్ళారు. చక్కెర తియ్యదనంలో వాళ్ళ చెమట ఎంతో లెక్క కట్టినవాళ్ళు తక్కువ. 1791లో ఇంగ్లండ్‌లో బానిసల చక్కెర తినమని ఉద్యమం లేచినప్పుడు ఇళ్ళలో దాన్ని నడిపింది ప్రధానంగా స్త్రీలు. ఓటు హక్కు లేనివాళ్ళు వంటింటి సరుకుల జాబితాతో రాజకీయం చేశారు.

* * *

అంత దూరం ఎందుకు? నవీపేట నుంచి బోధన్ ఎంతో దూరం లేదు. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. కాలవ నీళ్ళతో చెరకు వచ్చింది. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. ఊరికే చక్కెర పేరు పెట్టుకున్న చోటు అది. 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. ఫ్యాక్టరీ చరిత్ర అంటే నిజాం, ఇంజనీర్లు, యంత్రాలు, టన్నులు. చెరకు ముక్కలు నాటిన, కలుపు తీసిన, మోపులు మోసిన ఆడకూలీలు ఆ చరిత్రలో ఏ పేజీలోనూ కనబడరు.

గోదావరి దాటితే మరాఠ్వాడా. అక్కడ చెరకు కోతకి మొగుడూ పెళ్ళాలని కలిపి ఒక జంటగా, ఒక 'కోయితా'గా లెక్కేస్తారు. కోయితా అంటే కొడవలి. ఇద్దరు మనుషులు ఒక కొడవలి. ఒకరోజు రాకపోతే జుల్మానా. నెలసరి వస్తే పని పోతుంది, జుల్మానా పడుతుంది. 2019లో మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ, బీడ్ జిల్లాలో సర్వే చేసిన 82 వేలకు పైగా చెరకు కోత స్త్రీలలో 13 వేలకు పైగా గర్భసంచి తీయించుకున్నారని తేల్చింది. ఇది చదివాక చక్కెర పొడి జల్లెడ పట్టడం నాకు మునుపటిలా లేదు.

* * *

మళ్ళీ గడీ దగ్గరికి వద్దాం. తెలంగాణలో కోట అంటే కాకతీయుల వైభవమే కాదు. ఊరి నడుమ ఎత్తు గోడలు, బురుజులు, పెద్ద దర్వాజాతో దొర ఉండే గడీ కూడా కోటే. 1949లో జాగీర్లు రద్దయినా గడీల దర్పం వెంటనే పోలేదు. అక్కడ కులానికో వెట్టి ఉండేది. ఆడవాళ్ళ వెట్టి మీద ఇంకో పొర ఉండేది. దొర బిడ్డ పెళ్ళయి అత్తారింటికి పోతే వెంట ఒక 'ఆడబాప'ని పంపేవాళ్ళు. ఇత్తడి బిందెలతో, పట్టు చీరలతో పాటు ఒక పిల్ల. కోటలో రాకుమారి కథలో ఆ పిల్ల ఏ గదిలో పడుకుంటుంది? మా పాప కథల పుస్తకాల్లో ఆ గది బొమ్మ లేదు.

అమ్మమ్మని ఆ రోజు అడిగాను. వాళ్ళమ్మ గడీలో వడ్లు దంచి, పేడ కలిపి, రాత్రికి వచ్చేదట. ఈమె చిన్నపిల్లగా చెప్పులు చేతిలో పట్టుకుని దర్వాజ బయట ఎదురుచూసేదట. "లోపలికి ఎన్నడన్న పోయినవా?" అంటే, "ఎందుకు పోత? లోపలికి పోయిన పోరి ఎట్ల బయటికొస్తదో ఎవరికి ఎరుక" అంది. అంతకంటే చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' సాయుధ పోరాటంలో స్త్రీల గొంతులు వినిపించి మౌఖిక చరిత్రకి దారి వేసింది. దాన్ని నా పరిశోధనలో ఎన్నిసార్లు ఉటంకించానో! ఇంట్లో ఉన్న గొంతుని మాత్రం వినలేదు.

మా జిల్లా అసలు కోట నిజామాబాద్ ఖిల్లా. చాలా ఏళ్ళు అది జైలు. నిజాంకి ఎదురు నిలిచిన దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి ఆ గోడల మధ్య ఉన్నవాళ్ళే. దాశరథి బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశాడు. గోడని కాగితం చేసుకున్న కవిని మనం గుర్తు పెట్టుకున్నాం, మంచిదే. గోడ బయట ఎదురుచూసిన పిల్ల బొగ్గుతో ఏమీ రాయలేదు. ఆమెకి అక్షరాలు రావు.

ఆమెకి పుట్టినరోజు కూడా తెలియదు. "కరువు పోయినంక, చెరువు నిండిన యేడు" అంటుంది. మా అమ్మకి పుట్టినరోజంటే బడిలో సారు రాసిన జూన్ నెల తారీఖు. నా చిన్నప్పుడు పొద్దున్నే నూనె, పసుపు నలుగు పెట్టి తలంటి, పాయసం వండేవాళ్ళు. అదీ తమ్ముడికి కాస్త ఎక్కువ, నాకు కాస్త తక్కువ. ఆడపిల్ల పుట్టిందని దాచిన మొహాల నుంచి, ఆడపిల్ల పుట్టిన తారీఖుని కేక్ మీద రాసేదాకా వచ్చాం. ఇది వట్టి మార్కెట్ మాయ అని కొట్టిపారెయ్యలేను. బీడీలు చుట్టి దాచిన డబ్బుతో కూతురి పేరు రాయించిన అరకిలో కేక్‌ని పట్టుకుపోయే తల్లుల్ని ఇక్కడ చూస్తుంటాను. దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న తండ్రి ఫోన్ తెరలో కొవ్వొత్తి ఆర్పడం చూస్తాడు. ఆ కేక్‌లో మార్కెట్ ఉంది, "నువ్వు పుట్టినందుకు మాకు సంతోషం" అనే మాటా ఉంది. ఆ మాట మా అమ్మమ్మకి ఎవరూ చెప్పలేదు.

* * *

పసుపు యార్డుకి వచ్చే కాలం, ఎండ అప్పటికే ముదిరింది. నిజామాబాద్ కేంద్రంగా 2025 జనవరిలో పసుపు బోర్డు మొదలైంది. పసుపు తవ్వి, వేరుచేసి, ఉడకబెట్టి ఆరబోసే పనిలో సగానికి సగం ఆడవాళ్ళ చేతులే. ఆ పసుపుతోనే గోడలకి రంగు వేశాను. సాయంత్రానికి వెన్న కారడం మొదలుపెట్టింది. పిల్లలు వచ్చేసరికి తూర్పు బురుజు పక్కకి ఒరిగి, కోను జారి పళ్ళెంలో పడింది. పాప ఏడుపు అందుకుంది. నేను చెంచాతో క్రీం ఎత్తి అతికించబోతుంటే అమ్మమ్మ నవ్వు వినబడింది. పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వుతోంది.

"పడనియ్యి బిడ్డా, పడనియ్యి. గదే మంచిగున్నది."

పాప ఏడుపు మాని ఆమె వంక చూసింది. ఎందుకు నవ్వుతున్నావని అడిగింది. అమ్మమ్మ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది: ఒక ఊళ్ళె ఒక గడీ ఉండె. దర్వాజ బయట ఒక పిల్ల ఉండె...

కొవ్వొత్తులు వెలిగించడం ఆలస్యమైంది. నేను ఫోన్‌లో ఫోటో తీయబోయి, రికార్డింగ్ నొక్కి, వాళ్ళిద్దరి మధ్యలో నేల మీద పెట్టాను.