ఇంటి మడి, ఊరి మడి: కొండపోడు నుంచి మల్కాపురం దాకా

నగరాల్లో ఈమధ్య 'కమ్యూనిటీ గార్డెన్' అన్న మాట తరచుగా వినిపిస్తోంది. పేటలో ఖాళీగా ఉన్న కొంత నేలను అందరూ కలిసి బాగు చేసుకుంటారు. అందులో కుటుంబానికో మడి ఇస్తారు, అందరిదీ అయిన ఒక పెద్ద మడి వేరే ఉంచుతారు. కంచె, నీళ్ళు, ఎరువు గుంట ఉమ్మడి. ఎవరి మడిలో పండింది వాళ్ళ ఇంటికి వెళ్తుంది, ఉమ్మడి మడిలోది అందరూ పంచుకుంటారు. ఇది విదేశాల నుంచి వచ్చిన కొత్త పద్ధతి అన్నట్టు చెబుతుంటారు. మన అమ్మమ్మలు వింటే నవ్వుతారు. విశాఖ మన్యంలో ఊరు ఊరంతా బతికింది ఈ లెక్క మీదే.

హాస్టల్ వార్డెన్‌గా నేను చూసే పిల్లల్లో చాలామంది ఈ లెక్క తెలిసిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. రేపు వీళ్ళలో కొందరు ఉద్యోగాలకు మల్కాపురం, గాజువాక వైపే వస్తారు, ఇప్పటికే వచ్చి స్థిరపడినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ కోసం ఈ చరిత్రను ఒకచోట పెట్టాలని ఈ వ్యాసం.

కొండ మీద లెక్క

మన ఊళ్ళలో నేల ఒక్క రకం కాదు. ఇంటి చుట్టూ పెరడు ఉంటుంది. అందులో చిక్కుడు పాదు, గుమ్మడి, మిరప, పసుపు, నాలుగు అరటి చెట్లు. అది పూర్తిగా ఇంటిది, పెత్తనం ఎక్కువగా ఆడవాళ్ళది. గెడ్డ పక్కన వరి పండే పల్లం ఉంటుంది, ఎత్తున గరువు భూములుంటాయి. ఇవి కుటుంబాల సాగులో ఉంటూ తండ్రి నుంచి బిడ్డలకు వస్తాయి. ఆ పైన కొండ. కొండ ఊరిది.

కొండ ఊరిదే అయినా దాని మీద పోడు కొట్టేది కుటుంబాలే. పోడు పద్ధతిలోని కిటుకు ఇదే. ఏ ఏడు ఏ వాలు కొట్టాలో పెద్దలు కూర్చుని అనుకుంటారు, ఎవరి ముక్క ఎక్కడో గుర్తు పెట్టుకుంటారు. రెండు మూడేళ్ళు పండించాక నేలను వదిలేస్తారు. అక్కడ మళ్ళీ తుప్ప, చెట్టు లేచేదాకా ఆగుతారు. వదిలిన నేల తిరిగి ఊరి కొండలో కలుస్తుంది. అంటే దున్నినంత కాలమే ఇంటిది, దున్నడం మానితే ఊరిది. కొండరెడ్ల మీద హైమెన్‌డార్ఫ్ 1945లో ప్రచురించిన పుస్తకంలోనూ ఈ పోడు జీవితమే కనిపిస్తుంది. గోదావరి కొండలైనా మన మన్యమైనా మూలసూత్రం ఒకటే.

పోడులో ఒక్క పంట వేయరు. సామ, కొర్ర, చోడి, కంది, వలిసె, జొన్న కలిపి చల్లుతారు. ఒకటి ముందు కోతకొస్తుంది, ఒకటి తరవాత. వాన తగ్గితే ఒకటి పోతుంది, మరొకటి నిలుస్తుంది. పొట్ట ఖాళీగా ఉండదు.

పని కూడా అంతే. ఈరోజు మీ ముక్కలో అందరం, రేపు మా ముక్కలో అందరం. దీనికి కూలి డబ్బు ఉండదు, అంబలి ఉంటుంది. బదులు పనికి రానివాడి ముక్కలో కలుపు పెరుగుతుంది. వేరే జరిమానా అక్కర్లేదు.

పండగే నియమావళి

ఇదంతా కాగితం మీద రాసుకోలేదు కదా, మరి ఎలా నిలిచింది? పండగ నిలిపింది. చైత్రంలో ఇటుకల పండగకు ఇంటింటి నుంచి విత్తనాలు పూజకు తెస్తారు. పూజలో పెట్టిన విత్తనం కొంత తిరిగి ఇంటికి తెచ్చుకుని తమ విత్తనంలో కలుపుకుంటారు. దీన్ని భక్తిగానే చూడనక్కర్లేదు. ఏ ఇంట్లో ఏ విత్తనం ఉందో, ఎవరికి లేదో ఊరందరికీ ఆరోజే తెలుస్తుంది. విత్తనం లేని ఇల్లు బయటపడుతుంది. బయటపడ్డాక ఊరు చూస్తూ ఊరుకోదు.

కొత్తల పండగల సంగతి ఇంకా గట్టిది. సామ కొత్త, కొర్ర కొత్త, కంది కొత్త, మామిడి కొత్త. పండగ చేయకుండా కొత్త పంట నోట పెట్టకూడదు. పట్నంలో పెరిగిన పిల్లలకు ఇది మూఢనమ్మకంలా కనిపించవచ్చు. కానీ ఆలోచించండి. పచ్చి కాయ కోయకూడదు, గింజ ముదరాలి, అందరూ ఒకేసారి మొదలుపెట్టాలి, ఒకరు ముందు దోచుకుపోకూడదు. ఉమ్మడి తోటకు ఇంతకంటే మంచి నిబంధన ఏ అధికారి రాస్తాడు?

మన జాతుల్లో మాలీలను ప్రత్యేకంగా తలచుకోవాలి. వాళ్ళ పేరుకే తోటమాలి అని అర్థం. అరకు లోయలో కూరగాయల సాగు అంటే ముందు వాళ్ళ పేరే చెబుతారు.

గీత గీసినవాళ్ళు

ఈ లెక్క ప్రభుత్వ రికార్డులో ఇమడలేదు. ఇంటిది అంటే పట్టా, కానిది అంటే సర్కారుది. మధ్యలో ఊరిది అనే గడి వాళ్ళ పుస్తకంలో లేదు. 1879 రంప తిరుగుబాటుకు కల్లు మీద వేసిన చిగురుపన్నుతో పాటు పోడు మీద ఆంక్షలూ కారణమయ్యాయి. ఆ నిప్పు గూడెం కొండలకూ పాకింది. అది చల్లారాక 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఊరి కొండ రిజర్వు అడవి అయింది, పోడు నేరమైంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడేనాటికి మన్యంలో రగులుతున్న కోపం ఇదే: పోడు కొడితే కేసు, రోడ్డు పనికి పిలిచి కూలి ఎగవేత. గాం గంటందొర, మల్లుదొర లాంటివాళ్ళు ఆయన వెంట నడిచారు.

స్వాతంత్ర్యం తరవాత కొంత మేలు జరిగింది. 1959 భూ బదలాయింపు నిబంధనను 1970లో సవరించి మనం 1/70 అని పిలుచుకునే చట్టం తెచ్చారు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతిలోకి పోకుండా అది అడ్డుకట్ట. 1969లో ముఠాదారీ రద్దయింది, రైత్వారీ పట్టాలు వచ్చాయి. అయితే పట్టా వచ్చింది ఎక్కువగా పల్లానికి, మెట్టకు. కొండ వాలు పోడు చాలావరకు అడవి లెక్కలోనే ఉండిపోయింది. 1997లో బొర్రా ప్రాంతపు గనుల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని చెప్పింది.

చివరికి 2006 అటవీ హక్కుల చట్టం మన పాత లెక్కను మొదటిసారి కాగితం మీదికి తెచ్చింది. అందులో రెండు రకాల హక్కులున్నాయి. ఒకటి కుటుంబానిది: సాగులో ఉన్నంత మేరకు, నాలుగు హెక్టార్లు మించకుండా. పెళ్ళయిన వాళ్ళకైతే భార్యాభర్తలిద్దరి పేరిట. పిల్లలకు వస్తుంది, అమ్మడానికి వీల్లేదు. రెండోది ఊరిది: ఉమ్మడి అటవీ వనరును కాపాడుకునే, వాడుకునే హక్కు. రెండింటికీ మొదటి మెట్టు గ్రామసభే. ఇంటి మడి, ఊరి మడి అని మన పెద్దలు పాటించినదే చట్టం భాషలో ఇలా తిరిగొచ్చింది.

ఇంటి కాగితం కోసం మనవాళ్ళు కాళ్ళరిగేలా తిరిగారు, తిరగాలి కూడా. ఊరి కాగితం మాత్రం అంతగా అడగడం లేదు. కొండ ఊరిది కాకుండా పోతే మేత, విస్తరాకు, తేనె, అడ్డాకు, వాగులో నీరు ఎక్కడివి? అవి లేని ఇంటి ముక్క ఎన్నాళ్ళు నిలుస్తుంది?

మల్కాపురం నేల

ఇప్పుడు కొండ దిగి సముద్రం ఒడ్డుకు వద్దాం. మల్కాపురం చుట్టుపక్కలవీ ఒకప్పుడు సాగు ఊళ్ళే. 1933లో విశాఖ ఓడరేవు మొదలైంది. 1941లో సింధియా కంపెనీ ఓడల కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. మరుసటి ఏడు ఏప్రిల్ 6న జపాన్ బాంబులు పడ్డాయి. 1948లో 'జల ఉష' ఓడ సముద్రంలోకి దిగింది. 1957లో కాల్టెక్స్ చమురుశుద్ధి కర్మాగారం, ఆ తరవాతి దశకంలో ఎరువుల కర్మాగారం, ఇంకో పక్క నేవీ. దక్షిణాన ఉక్కు కర్మాగారం కోసం 64 ఊళ్ళ భూమి పోయింది. ఊరి భూమి పోతే ఏమవుతుందో మైదానం రైతులకూ తెలిసింది.

బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మన అరకు మీదుగానే వస్తుంది. ఆ దారినే మన కూరగాయలూ వచ్చాయి, మన మనుషులూ వచ్చారు. రేవులో, షిప్‌యార్డులో, నేవీలో ఉద్యోగాలకు వచ్చి క్వార్టర్లలో, అద్దె ఇళ్ళలో ఉన్నవాళ్ళకు పెరడు లేదు. వాళ్ళ పిల్లలకు సామ అంటే దుకాణంలో ప్యాకెట్.

గురువులు మొదలుపెట్టిన తోట

ఉపాధ్యాయ శిక్షణ పొందినదాన్ని కనుక ఒక బయటి ఉదాహరణ చెప్పాలనిపిస్తుంది. జర్మనీలో లైప్జిగ్ నగరం ఫ్యాక్టరీలతో కిక్కిరిసిపోతున్న రోజుల్లో, 1864లో హౌషిల్డ్ అనే పాఠశాల అధిపతి తల్లిదండ్రులతో కలిసి ఒక సంఘం పెట్టారు. పిల్లలకు ఆటస్థలం కావాలన్నది ఆశయం. సంఘానికి వైద్యుడు ష్రేబర్ పేరు పెట్టారు. కొన్నాళ్ళకు గెసెల్ అనే ఉపాధ్యాయుడు ఆటస్థలం అంచున పిల్లల కోసం చిన్న మడులు వేయించాడు. పిల్లలకు విసుగొచ్చింది. కలుపు పెరిగింది. తల్లిదండ్రులు అందుకున్నారు, పిల్లల మడులు కుటుంబ మడులయ్యాయి. మధ్యలో ఉమ్మడి మైదానం, చుట్టూ ఇంటింటి మడి. ఆ పద్ధతి దేశమంతా పాకింది. ఇంగ్లండులో 1908 చట్టం ప్రకారం ఆరుగురు కలిసి అర్జీ పెడితే మడుల విషయం స్థానిక సంస్థ పట్టించుకోవాలి. ఒక్కరు అడిగితే కాదు, ఆరుగురు అడగాలి. మన గ్రామసభ నీతి అక్కడా ఉంది.

మనం వేస్తే ఎలా వేయాలి

మల్కాపురం లాంటి చోట మన కుటుంబాలు కలిసి తోట వేయాలనుకుంటే ఈ చరిత్ర నుంచి తీసుకోదగ్గవి కొన్ని.

మొదట నేల ఎవరిదో తేల్చుకోవాలి. ఇక్కడ ఖాళీగా కనిపించేదంతా ఎవరిదీ కాని నేల కాదు. రేవుదో, నేవీదో, కార్పొరేషన్‌దో అయి ఉంటుంది. రాతపూర్వకంగా అనుమతి లేనిదే పార వేయవద్దు. కాగితం లేని సాగు కథ ఎలా ముగుస్తుందో మనకంటే తెలిసినవాళ్ళు లేరు.

రెండోది మట్టి. ఫ్యాక్టరీల మధ్య నేల కనుక పరీక్ష చేయించాలి. అనుమానం ఉంటే బయటి నుంచి తెచ్చిన మట్టితో ఎత్తు మడులు కట్టాలి, సంచుల్లో పెంచినా సరే. మట్టిలోని సీసం లాంటి లోహాలు ఆకుకూరల్లో, దుంపల్లో ఎక్కువ చేరతాయి, కాయల్లో తక్కువ. కాబట్టి వంగ, బెండ, చిక్కుడు, టమాటాతో మొదలుపెట్టడం మేలు. మడి నాలుగు అడుగుల వెడల్పు మించకూడదు. రెండు వైపుల నుంచీ చెయ్యి అందాలి, లోపల కాలు పెట్టే పని ఉండకూడదు. అక్టోబరు, నవంబరు గాలివానల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో చూశాం కదా, పందిళ్ళు విప్పుకోవడానికి వీలుగా కట్టుకోవాలి.

మూడోది లెక్క. ముందు ఉమ్మడి మడి కొలవాలి, ఆ తరవాతే ఇంటి మడులు. ముందు ఇళ్ళకు పంచితే ఉమ్మడికి మిగిలేది రాళ్ళ మూలే. మడులు చీటీ వేసి పంచాలి. పుస్తకంలో భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయాలి. ఒక పంట కాలం సాగు చేయని మడి తిరిగి ఉమ్మడిలో కలవాలి. అమ్మడం, అద్దెకివ్వడం ఉండకూడదు. వారంలో ఒక పూట ఉమ్మడి పనికి ఇంటికి ఒకరు రావాలి. విత్తనాలు చైత్రంలో ఒకచోట కలపాలి. మొదటి కోతను కొత్త పండగలా అందరూ కలిసి వండుకుని తినాలి.

పిల్లలకు వేరే మడి ఇవ్వాలి, కానీ లైప్జిగ్ సంగతి గుర్తుంచుకుని ఒంటరిగా వదిలేయకూడదు. మా హాస్టల్ వెనక మడుల్లో చూశాను. కంది ఎప్పుడు ముదురుతుందో పెద్ద పిల్ల చిన్న పిల్లకు చెబుతుంది. ఆ మాట ఏ వాచకంలోనూ లేదు.

చివరిగా ఊళ్ళో నేల ఉన్న మనవాళ్ళందరికీ ఒక విన్నపం. సెలవుకు పాడేరు వైపో, అరకు వైపో వెళ్ళినప్పుడు మీ ఇంటి హక్కు పత్రం ఉందో లేదో చూసుకుంటారు. దానితో పాటు మీ ఊరికి ఉమ్మడి హక్కు పత్రం వచ్చిందా అని గ్రామసభలో అడగండి. రాకపోతే దరఖాస్తు మీద మొదటి సంతకం మీరే పెట్టండి.