పురుగుకూ ఒక సర్వీసు రిజిస్టరు

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు కోరారు. తెనాలి నాటకాలను గురించి, బాపట్ల భావనారాయణస్వామి ఆలయాన్ని గురించి, రేపల్లె రైలు మార్గాన్ని గురించి రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. నేను మన పెరటి చెట్ల మీద బతికే ఒక చిన్న ప్రాణిని తీసుకున్నాను. దానికి పేరెలా వచ్చింది, ఆ పేరు ఎన్నిసార్లు మారింది, అది మన ఊళ్లో ఉన్నట్టు కాగితం మీద ఎలా ఎక్కాలి అనేదే ఈ వ్యాసం. జీవితమంతా రిజిస్టర్లు రాసిన మనకు ఈ విషయం పరాయిది కాదు.

జామ, మునగ, మామిడి చెట్ల బోదె మీద, ముఖ్యంగా కొమ్మల పంగల దగ్గర, రంపపు పొట్టు లాంటి ఎర్రటి పిప్పి పట్టుదారాలతో అల్లుకుని పట్టీలాగా వేలాడడం మీరందరూ చూసే ఉంటారు. బాపట్ల, సూర్యలంక వైపు సముద్రపు గాలికి అడ్డంగా పెంచే సరుగుడు తోటలకూ ఈ బాధ తగులుతుంది. ఇది బెరడు తినే గొంగళిపురుగు చేసే పని. పగలంతా కొయ్యలో తొలుచుకున్న బొరియలో దాక్కుని, రాత్రివేళ ఆ పట్టీ చాటున బయటికి వచ్చి బెరడు తింటుంది. ఏడాదికి ఒక్కటే తరం. అందులో తొమ్మిది పది నెలలు పురుగుగానే గడుపుతుంది. దాదాపు రోహిణి, మృగశిర కార్తెల్లో రెక్కలు వచ్చి బయటపడుతుంది. పాలిపోయిన గోధుమరంగు రెక్కల మీద ముదురు మచ్చలు ఉండే ఆ దీపం పురుగు కొద్ది రోజులే బతుకుతుంది. ఆ కొద్ది రోజుల్లోనే గుడ్లు పెట్టి పోతుంది. అందుకే దాని పనిని చూసినవారు వందమంది ఉంటే, దాన్ని చూసి ఇదే అని గుర్తుపట్టినవారు ఒక్కరైనా ఉండరు.

పురుగులకూ, జంతువులకూ రెండు మాటల లాటిన్ పేరు పెట్టే పద్ధతి స్వీడన్ దేశపు లిన్నేయస్ 1758లో స్థిరపరిచినది. మొదటి మాట ఇంటిపేరు, రెండవది సొంతపేరు అనుకోవచ్చు. తెలుగువారి పేరులాగే ఇంటిపేరే ముందు! ఆయన శిష్యుడు కోనిగ్ అనే వైద్యుడు 1768లో తరంగంబాడికి వచ్చి, తరువాత కంపెనీ కొలువులో చేరి, ఈ తీరమంతా తిరిగి మొక్కలు, జీవులు సేకరించాడు. 1785లో కాకినాడ పక్కన జగన్నాథపురంలో కన్నుమూశాడు. మన తీరపు జీవజాలాన్ని ఆ పద్ధతిలో నమోదు చేసిన తొలివారిలో ఆయన ఒకడు.

మన బెరడు పురుగుకు సొంతపేరు పెట్టినవాడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో జాబితాలు రాసిన ఫ్రాన్సిస్ వాకర్. 1856లో 'క్వాడ్రినొటేటా' అన్నాడు. నాలుగు గుర్తులు కలది అని అర్థం. అప్పుడు దాని ఇంటిపేరు వేరు. 1879లో మూర్ అనే ఆయన ఈ జాతి పురుగులకు 'ఆర్బెలా' అని ఇంటిపేరు పెట్టాడు. అయితే ఆ పేరు అప్పటికే మరొక రకం పురుగుకు పెట్టి ఉంది. ఒకే ఆఫీసులో ఒకే పేరు గల ఇద్దరు ఉద్యోగులుంటే జీతాల బిల్లులో ఎంత చిక్కో మనకు తెలుసు. శాస్త్రంలో ఆ చిక్కును అసలు ఒప్పుకోరు. 1922లో ఫ్లెచర్ దానికి ముందు 'ఇండ్' చేర్చి 'ఇండార్బెలా' అన్నాడు. ఈ ఫ్లెచర్ మొదట మద్రాసు ప్రభుత్వంలో కీటక శాస్త్రవేత్త, తరువాత పూసాలో భారత ప్రభుత్వపు కీటక శాస్త్రవేత్త. దక్షిణ భారత కీటకాల మీద ఆయన పుస్తకం 1914లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయింది. అంతకు ముందే, నీలగిరుల్లో తేయాకు తోట నడిపిన హాంప్సన్ 1892 నుంచి 1896 వరకు నాలుగు సంపుటాల్లో ఈ దేశపు దీపం పురుగుల పట్టిక తయారుచేశాడు.

ఇప్పుడు పుస్తకాల్లో ఈ పురుగు పేరు పక్కన వాకర్, 1856 అని కుండలీకరణాల్లో కనిపిస్తుంది. ఆ కుండలీకరణాలకు ఒక అర్థం ఉంది. పేరు పెట్టింది ఈయనే, ఇంటిపేరు మాత్రం తరువాత మారింది అని. సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో చేసే నమోదు లాంటిది.

బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లో వెలిసింది. అక్కడ చదివిన అధికారుల దగ్గర పనిచేసే భాగ్యం నాకు కలిగింది. దీపపు ఎరలో ఏ రాత్రి ఎన్ని పురుగులు పడ్డాయో వారం వారం వచ్చే పట్టికలను నేను కూడి, పైకి పంపేవాణ్ణి. వాటిలో ముఖ్యమైనది వరి కాండం తొలుచు పురుగు. ఆడదాని పసుపు రెక్కల మీద చెరొక నల్లచుక్క ఉంటుంది. మగది చిన్నది, గోధుమ రంగు, చుక్క స్పష్టంగా ఉండదు. ఈ పురుగుకు వాకర్ 1863 సంవత్సరంలోనే వేర్వేరు పేర్లు పెట్టాడు! దాని ఇంటిపేరు కైలో, షీనోబియస్, ట్రైపోరైజా అని మారుతూ వచ్చి, 1981 నుంచి సిర్పోఫాగా అయింది. పాత ఫైలు, కొత్త ఫైలు కలిపి చూడనివాడు ఇవి నాలుగు పురుగులని అనుకుంటాడు. ఆస్తి దస్తావేజులకు లింకు డాక్యుమెంట్లు ఎందుకు కావాలో, పురుగుకూ అందుకే కావాలి.

ఇది పండితుల కాలక్షేపం కాదు. చెట్టు ఎండుతున్నదని ఆకుల మీద మందు కొట్టించే రైతు, లోపల ఉన్నది బెరడు పురుగైతే డబ్బు పోగొట్టుకుంటాడు, చెట్టునూ పోగొట్టుకుంటాడు. దానికి చేయవలసింది పిప్పి పట్టీని తుడిచి, బొరియలోకి తీగ పోనిచ్చి, కిరసనాయిలులో ముంచిన దూది పెట్టి, బంకమట్టితో మూయడం. ఇదే చెట్లను కొన్ని పెంకు పురుగులు కూడా తొలుస్తాయి. వాటికి ఈ పట్టుదారాల పట్టీ ఉండదు. ఆ ఒక్క తేడా కనిపెడితే సగం వైద్యం అయినట్టే.

గుర్తించడం ఎంత ముఖ్యమో, ఎక్కడ అని రాయడం అంత ముఖ్యం. ఇక్కడ మన ప్రాంతపు చరిత్రే ఒక పాఠం. 1904 అక్టోబరు 1న గుంటూరు జిల్లా ఏర్పడే వరకు బాపట్ల, రేపల్లె కృష్ణా జిల్లాలో ఉండేవి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా అయింది, రేపల్లె అందులో చేరింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. పాత నమూనా కింద చీటీలో 'కృష్ణా జిల్లా' అని మాత్రమే ఉంటే, అది బందరుదో బాపట్లదో ఎవరూ తేల్చలేరు. ఊరి పేరు రాసి ఉంటే ఏ ప్రభుత్వం ఏ గీత మార్చినా ఆ చీటీ చెల్లుతుంది.

చెట్టు పేరు కూడా రాయాలి. టేకు ఆకులను జల్లెడ చేసే హిబ్లియా ప్యూరా అనే పురుగు మడ చెట్ల ఆకులనూ తింటుంది. నిజాంపట్నం, అడవులదీవి వైపు మడ అడవులున్న మనకు ఈ సంగతి చాలా అవసరం. 'మడ చెట్టు మీద' అనే ఆ రెండు మూడు మాటలు లేకపోతే పురుగు దొరికినా దాని కథ దొరకదు.

మిత్రులకు నా మనవి. ఒక నోటు పుస్తకం తీసుకుని ఆరు గడులు గీయండి. ఊరు, మండలం, తేదీ, ఏ చెట్టు, ఏమి చూశారు, చూసినవారి పేరు. వైశాఖంలో బొరియ ఉన్న కొమ్మకు దోమతెర గుడ్డ వదులుగా కట్టి, రోజూ ఉదయం చూడండి. రెక్కల పురుగు బయటపడితే పక్కన రూపాయి బిళ్ల పెట్టి, మనవల చేత సెల్‌ఫోనులో ఫొటో తీయించండి. పిప్పి పట్టీకి మరొక ఫొటో. పేరు మనం చెప్పనక్కరలేదు, అది తెలిసినవారు చెబుతారు. ఈ పురుగులో దగ్గరి పోలికలున్న రకం మరొకటి కూడా ఉంది కనుక తొందరపడి పేరు రాయవద్దు. ఆ గడి ఖాళీగా ఉన్నా నష్టం లేదు. తేదీ గడి, ఊరి గడి మాత్రం ఖాళీగా ఉండరాదు.

డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవానికి వచ్చేటప్పుడు ఆ పుస్తకాలు తెచ్చినవారి నమోదులన్నీ కలిపి, సాఫు ప్రతి రాసి, బాపట్ల కళాశాలకు పంపే పని నేను చేస్తాను. చేతిరాత ఇంకా బాగానే ఉంది.