జీవో 3 ఎందుకొచ్చింది, ఎలా పోయింది?

జీవో 3 పోయిందని అందరం బాధపడుతున్నాం. దాని వెనకున్న చరిత్ర కూడా మనకు తెలిసుండాలి.

అప్పట్లో మైదానం నుంచి ఏజెన్సీకి వేసిన టీచర్లు చాలామంది బడికి సరిగా వచ్చేవాళ్లు కాదు. మన పిల్లల భాష వాళ్లకి రాదు. అందుకే 1986లో జీవో 275తో షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నారు. 1989లో ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. మళ్లీ 2000 జనవరి 10న ఐదో షెడ్యూలు కింద గవర్నరు అధికారంతో జీవో 3 వచ్చింది. మన అక్కలు, అన్నలు ఎంతోమంది దాంతోనే టీచర్లయ్యారు.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం దీన్నీ కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. 1950 జనవరి 26కు ముందు నుంచి అక్కడున్నవాళ్లే స్థానికులనడం తప్పంది. గవర్నరు ఉన్న చట్టాన్ని మార్చి వర్తింపజేయొచ్చు గానీ కొత్త చట్టం చేయలేరంది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు మాత్రం, ఇకపై పరిమితి దాటకూడదన్న షరతుతో కాపాడింది.

అంటే పాతవాళ్లకి నష్టం లేదు, దెబ్బ పడింది ఇప్పుడు డీఎస్సీకి చదువుతున్న మన మీద. అదే జీవోని మళ్లీ తెమ్మంటే మళ్లీ కోర్టులో పడిపోతుంది. కాబట్టి మనం అడగాల్సింది ఆ మూడు అభ్యంతరాలకీ జవాబు చెప్పగల చట్టం. పిల్లల భాష వచ్చిన టీచరు కావాలన్న అసలు అవసరం మాత్రం ఏ తీర్పుతోనూ పోలేదు. మన వాదన అక్కణ్ణుంచే మొదలవ్వాలి.