కేర్ పొద కాపు, మార్వాడ్ ఆకలి నెలలు

మన పూర్వీకులు మార్వాడ్ వైపు నుంచి ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దక్కనుకు దిగారని తండాల్లో పెద్దలు చెబుతూ వచ్చారు. ఏ సైన్యం వెంట వచ్చారు, ఏ దారిన వచ్చారు అని రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. వదిలి వచ్చిన ఆ నేల మీద ఎండాకాలం జనం ఏం తిని బతికేవారన్నది మాత్రం మనం పెద్దగా పట్టించుకోలేదు.

థార్ ఎడారిలో వాన దాదాపు అంతా జూలై, సెప్టెంబరు మధ్యనే. ఆ వానకు వేసిన సజ్జ దీపావళి లోపు ఇంటికొస్తుంది. ఆ గింజ అడుగంటే ఏప్రిల్, మే, జూన్‌లే ఆకలి నెలలు. సరిగ్గా అప్పుడే కేర్ పొద కాపుకొస్తుంది. ముళ్ల పొద అది. లేత కొమ్మలకు చిన్న ఆకులు వచ్చినా ఎంతోకాలం నిలవవు. ఆకు పని పచ్చని కొమ్మలే చేస్తాయి. వేరు బాగా లోతుకు దిగుతుంది కాబట్టి తొలకరి కోసం చూడకుండా నడి ఎండలో ఎర్రగా పూస్తుంది, కాస్తుంది. పండిన కాయను పిట్టలు తిని విత్తు విడిచేసరికి వానలు దగ్గర పడతాయి. పొద తన పిల్లల కోసం పెట్టుకున్న ముహూర్తం మనిషి ఆకలికి కలిసొచ్చిందన్నమాట. వానల తర్వాత మరో విడత కూడా కాస్తుంది గానీ, అసలు కాపు ఎండాకాలానిదే.

పచ్చి కాయ చేదు. బఠాణీ గింజంత ఉన్నప్పుడే కోసి, ఉప్పునీళ్లలోనో మజ్జిగలోనో కొన్ని రోజులు నానబెట్టి, చేదు విరిగాక ఎండబెడతారు. అదే రోజుల్లో జమ్మికి (దసరాకు మనం మొక్కే జమ్మే) లేత కాయలు దిగుతాయి. వాటిని అక్కడ సంగ్రీ అంటారు. ఈ రెండూ కలిపి వండితే కేర్-సంగ్రీ. నేలరేగు మాత్రం చలికాలంలో పండుతుంది.

ఈ పొదలే కరువుల్లో జనాన్ని కాపాడాయని కొందరు తేలిగ్గా రాసేస్తుంటారు. నేను ఒప్పుకోను. 1868–69 కరువులో మార్వాడ్ జనం జమ్మి బెరడు దంచి పిండి చేసుకుని తిన్నారు. 1899లో వానలు ఎగ్గొట్టాయి. విక్రమ శకం 1956 కాబట్టి దాన్ని ఛప్పనియా కరువు అంటారు. తిండి, నీరు, గడ్డి మూడూ లేనిదాన్ని అక్కడివాళ్లు త్రికాల్ అన్నారు, ఇది అలాంటిది. పశువులు మందలకు మందలే పోయాయి, మరుసటి ఏడు కలరా వచ్చిపడింది. గుప్పెడు ఎండు కాయ మామూలు ఏడాదిలో రెండు నెలల వెలితి పూడుస్తుంది. ఏడాది పంటంతా పోతే ఏం పూడుస్తుంది?

మార్వాడ్‌లో హోలీ అయిన వారానికి శీతలాష్టమి చేస్తారు. ఆ రోజు పొయ్యి వెలిగించరు, ముందురోజు వండిన చల్లటి తిండే తింటారు. అందులో కేర్-సంగ్రీ ఉంటుంది. కొత్త కాపు ఇంకా చేతికి రాదు గనుక అది నిరుటి ఎండు కాయ. మన తండాల్లో సీత్లా పండుగ తొలకరి పడ్డాక, ఆషాఢంలో. నేను చూసిన తండాల్లో కేర్ ఊసే లేదు. గోర్ బోలిలో ఆ పొదకు పేరుందేమో అని ముసలమ్మలను అడుగుతూనే ఉన్నాను. మీ ఇంట్లో ఎవరి నోటనైనా ఆ మాట మిగిలి ఉంటే, వాళ్లు పలికినట్టే రాసి ఉంచండి.