సాలగ్రామాల తీరం

వైష్ణవుల ఇళ్ళలో పూజాపీఠం మీద ఉండే సాలగ్రామాన్ని పరికించి చూసినవారికి అందులోని చక్రం తెలిసే ఉంటుంది. నేపాలులోని గండకీ నదిలో దొరికే ఆ నల్లరాతి చుట్లు నిజానికి ఒకానొక సముద్రజీవి గుల్ల ముద్రలు. ఆ జీవిని శాస్త్రజ్ఞులు అమ్మొనైట్ అంటారు. మనవాళ్ళు ఆ చుట్లలో విష్ణుచక్రాన్ని దర్శిస్తే, ఇంగ్లండువారు చుట్టచుట్టుకొని రాయైపోయిన పామును చూశారు. కొందరు గడుసువాళ్ళు వాటికి పాముతలలు చెక్కి మరీ అమ్ముకున్నారట! ఒకే రాయి ఒకచోట దైవమూ, మరొకచోట సర్పమూ కావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఇంగ్లండు దక్షిణతీరాన, డోర్సెట్ ప్రాంతంలోని లైమ్ రీజిస్ అనే చిన్న ఊరు ఇటువంటి రాళ్ళకు పుట్టిల్లు. సుమారు 20 కోట్ల ఏళ్ళ కిందట సముద్రగర్భంలో పేరుకున్న సున్నపురాయి, బంకమన్ను అక్కడ పొరలు పొరలుగా నిటారు గట్లై నిలిచి ఉన్నాయి. చలికాలపు తుపానులకు ఆ గట్లు విరిగిపడతాయి. పోటు వచ్చి మట్టిని కడిగివేస్తుంది. ఆటు వేళ రాళ్ళ నడుమ శిలాజాలు కనబడతాయి. ఎవరూ ఏరుకోకపోతే వాటిని బయటపెట్టిన ఆ అలలే కొన్నాళ్ళకు పిండి చేస్తాయి. కనుక అక్కడ శిలాజాలు ఏరడాన్ని ప్రకృతిని దోచుకోవడం అనలేము.

ఈ వేడుకను శాస్త్రం గడప దాకా తీసుకువెళ్ళిన మనిషి మేరీ ఆనింగ్. 1799లో ఆ ఊరిలోనే పుట్టింది. తండ్రి రిచర్డ్ వడ్రంగి. విహారానికి వచ్చే ధనికులకు శిలాజాలు అమ్మి నాలుగు రాళ్ళు వెనకేసుకోవాలని చూసేవాడు (ఇక్కడ ఈ నుడికారం అక్షరాలా నిజం). 1810లో ఆయన మరణించేనాటికి మిగిలినవి అప్పులే. మరుసటి ఏడు అన్న జోసెఫ్ కంటికి సుమారు నాలుగడుగుల పుర్రె ఒకటి గట్టులో కనిపించింది. 1812లో మేరీ మిగిలిన అస్థిపంజరాన్ని కనుగొన్నది. అప్పటికామె వయస్సు పన్నెండు, పదమూడేళ్ళు. జనం మొసలి అనుకున్నారు. అది మొసలి కాదు, చేప రూపు దాల్చిన సరీసృపం, ఇక్తియోసార్. దాదాపు 23 పౌన్లకు అమ్ముడుపోయిన ఆ ఎముకలను 1819లో బ్రిటిష్ మ్యూజియం కొన్నది.

1823లో ఆమెకు దొరికిన ప్లీసియోసార్ కథ ఇంకా రసవత్తరం. దాని మెడ ఎంత పొడవంటే, పారిస్‌లోని మహాపండితుడు కువియే చిత్రపటం చూసి ఇది కల్పితమేమోనని శంకించాడు. ఆయన మాటకు తిరుగులేని కాలమది. మోసమని తేలితే మేరీ బ్రతుకుతెరువే పోయేది. లండన్‌లోని జియాలజికల్ సొసైటీలో చర్చ జరిగింది, అస్థిపంజరం నిజమైనదేనని తేలింది, కువియే తన పొరపాటును ఒప్పుకున్నాడు. 1824లో కోనిబేర్ అదే సభలో దాన్ని సవిస్తరంగా వర్ణించాడు. ఆ వర్ణనలో మేరీ పేరు లేదు!

నేను ఈ కథ చదివిన ప్రతిసారీ ఇక్కడే ఆగిపోతాను. ఆ సభలోకి అడుగుపెట్టే అర్హత ఆమెకు లేదు. స్త్రీలు ఆ సొసైటీలో ఫెలోలు కావడానికి 1919 దాకా ఆగవలసివచ్చింది. అయితే అందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. 1829లో బక్లాండ్ పండితుడు ఎగిరే సరీసృపం గురించి వ్రాస్తూ దాన్ని కనుగొన్నది ఆమేనని స్పష్టంగా చెప్పాడు. ఇక్తియోసార్ కడుపులో దొరికే వింతరాళ్ళు రాయిగా మారిన మలమేనని ఆయన తేల్చడానికి కూడా ఆమె పరిశీలనలు తోడ్పడ్డాయి. ఆ రాళ్ళను పగలగొట్టి, లోపలి చేపముళ్ళను గమనించినది మేరీయే. చిన్ననాటి స్నేహితుడు డి లా బీష్ 1830లో ప్రాచీన సముద్రజీవుల చిత్రం గీసి, దాని ప్రతుల అమ్మకపు సొమ్మును ఆమెకే ఇచ్చాడు.

ఇది నేడు వేడుకే కావచ్చు. ఆమెకు మాత్రం కూటి విద్య. 1833లో గట్టు విరిగిపడి, వెంట తిరిగే కుక్క ట్రే ఆమె కళ్ళముందే చనిపోయింది. వెంట్రుకవాసిలో తాను తప్పించుకున్నది. ఆ తరువాత కూడా గట్ల కిందికి వెళ్ళడం మానలేదు, మానితే గడవదు కదా! 1847లో, 47 ఏళ్ళకే, రొమ్ము క్యాన్సరుతో మరణించింది.

ఆ తీరం 2001 నుండి ప్రపంచ వారసత్వ స్థలం. అక్కడ ఒడ్డున విడిగా పడిన శిలాజాలను ఎవరైనా ఏరుకోవచ్చు. అనుమతి లేకుండా గట్టును తవ్వకూడదు. శాస్త్రానికి ముఖ్యమైనది దొరికితే చార్మౌత్‌లోని కేంద్రంలో నమోదు చేయించాలి, హక్కు మాత్రం ఏరినవారిదే. వెళ్ళదలచినవారు ఆటుపోట్ల పట్టిక చూసుకొని, పోటు తగ్గుముఖం పట్టాక బయలుదేరడం క్షేమం. ఊరిలో 2022లో నిలిపిన మేరీ విగ్రహం కనిపిస్తుంది; పక్కనే ట్రే కూడా ఉంది.