ఉద్యానశాస్త్రం: యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో స్నాతకోత్తర విద్య

పండ్లు, కూరగాయలు, పూలు, అలంకరణ మొక్కల సాగు సూత్రాలను ఎడారి పరిస్థితులకు అన్వయించి నేర్పే అధ్యయన విభాగం. దీనికి ముఖ్య కేంద్రం 1976లో అల్ ఐన్ నగరంలో స్థాపించిన యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ విశ్వవిద్యాలయం. ఉద్యానశాస్త్రంలో ఎం.ఎస్సీ. చేసే విద్యార్థులు ఇక్కడ పరిశోధన సిద్ధాంత గ్రంథం సమర్పిస్తారు.

అధ్యయనాంశాలు: వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. వర్షం స్వల్పం, నేల ఇసుక, భూగర్భజలం చాలాచోట్ల ఉప్పన. అందువల్ల మొక్కల శరీరధర్మం, ప్రవర్ధనం, పోషణలతో పాటు బిందు సేద్యం, చౌడును తట్టుకునే గుణం, పాలీహౌస్ సాగు, మట్టి లేని సాగు ప్రధానాంశాలయ్యాయి.

ఖర్జూరం: దేశపు ప్రధాన ఉద్యాన పంట. ఆడ, మగ చెట్లు వేరువేరు. గింజ నాటితే మొలిచేవాటిలో దాదాపు సగం మగవే. తల్లి చెట్టు గుణాలూ నిలవవు. అందుకే పిలకలతోనూ టిష్యూ కల్చర్‌తోనూ మొక్కలు పెంచుతారు. మగ పూల పుప్పొడిని ఆడ గెలలకు మనుషులే అందిస్తారు. కొబ్బరి రైతులకు తెలిసిన ఎర్రముక్కు పురుగు దీనికీ పెద్ద శత్రువు.

సంబంధిత కేంద్రాలు, స్థలాలు: ఉప్పునీటి సాగుపై పనిచేసే అంతర్జాతీయ బయోసెలైన్ వ్యవసాయ కేంద్రం 1999 నుంచి దుబాయ్‌లో ఉంది. ఫలజ్ అనే సంప్రదాయ సాగునీటి కాలువలతో తడిసే అల్ ఐన్ ఒయాసిస్సులు 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి.

తెలుగునాట: ఈ విద్యకు వెంకటరామన్నగూడెంలో డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం, సిద్దిపేట జిల్లా ములుగులో శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నాయి.